సూదులు గుచ్చించుకునే ముందు

మా ఇంట్లో తలనొప్పి నాది, మోకాళ్ళ నొప్పులు మా పిన్నివి. ఇద్దరం ఆక్యుపంక్చర్ బల్ల మీద పడుకుని, ఒంటి మీద ఫలానా బిందువుల దగ్గర సన్నటి సూదులు గుచ్చించుకున్నవాళ్ళమే. అందుకని చుట్టాల్లో ఎవరికి నడుం పట్టేసినా, మెడ తిరక్కపోయినా ఫోను నాకే వస్తుంది. అందరూ అడిగేది ఒకటే: "అది పనిచేస్తుందా?" దానికి నా జవాబు ఒక్క మాటలో ఇమడదు. పైగా వాళ్ళకి నిజంగా అక్కరకొచ్చే ప్రశ్న అది కాదని నా అనుమానం. ఏ బాధకి వెళ్తున్నారు, ఎవరి దగ్గరికి, ఎన్నాళ్ళకని, ఇప్పుడు వాడుతున్న మందుల మాటేమిటి? ముందు ఇవి తేలాలి.

నా అభిప్రాయం దాచుకోను. కొన్ని రకాల నొప్పులకి, ఇన్నాళ్ళని గడువు పెట్టుకుని, ఆక్యుపంక్చర్ చేయించుకుని చూడటంలో తప్పేమీ లేదు. సూదిని చూసి భయపడాల్సింది తక్కువే. ఆ సూదితో పాటు ఉచితంగా వచ్చే సలహాల్ని చూసి మాత్రం భయపడాలి.

ముందు పరీక్షలు ఏం చెప్పాయో చూద్దాం. జర్మనీలో నడుంనొప్పి మీద జరిగిన ఓ పెద్ద పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. 1,162 మంది రోగుల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి చైనా పద్ధతిలో చెప్పిన బిందువుల దగ్గర, చెప్పినంత లోతుకి సూదులు పెట్టారు. రెండో గుంపుకి కావాలనే ఆ బిందువులు తప్పించి, ఎక్కడో పైపైన గుచ్చారు. ఆ సంగతి రోగులకి తెలియదు. మూడో గుంపుకి మామూలు వైద్యం, అంటే మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలలు గడిచాక చూస్తే బాగా తగ్గినవాళ్ళు మొదటి గుంపులో 47.6 శాతం, రెండో గుంపులో 44.2 శాతం, మూడో గుంపులో 27.4 శాతం.

ఆక్యుపంక్చర్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళు 47కీ 27కీ ఉన్న తేడా చూపిస్తారు. పడనివాళ్ళు 47కీ 44కీ తేడా ఏదని అడుగుతారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, సగం సగం.

2009లో అమెరికాలో 638 మంది మీద జరిగినది ఇంకా తమాషాగా ఉంటుంది. ఒక గుంపుకి అసలు సూదే గుచ్చలేదు. సూది పెట్టే చిన్న గొట్టంలో పళ్ళు కుట్టుకునే పుల్ల పెట్టి, చర్మం మీద ఆనించి తిప్పి తీసేశారు. బోర్లా పడుకున్నవాళ్ళకి వీపు మీద జరిగేది కనిపించదు కదా. వాళ్ళకీ నడుంనొప్పి అసలు సూదులు పెట్టించుకున్నవాళ్ళకి తగ్గినంతే తగ్గింది. ఈ రెండు రకాలవాళ్ళూ మామూలు వైద్యంలో ఉన్నవాళ్ళకన్నా మెరుగ్గానే ఉన్నారు.

మైగ్రేన్‌కి కాస్త మంచి కబురు ఉంది. జరిగిన పరీక్షల్ని పోగేసి తూచే కోక్రేన్ అనే పరిశోధకుల సంస్థ 2016లో వెలువరించిన సమీక్ష దాన్ని రోజుల లెక్కలో చెప్పింది, నాలాంటి తలనొప్పి మనిషికి బుర్రకెక్కేలా. నెలలో ఆరు రోజులు తలనొప్పితో పోయేవాళ్ళకి మామూలు వైద్యంతో అది అయిదు రోజులవుతుంది. ఉత్తుత్తి ఆక్యుపంక్చర్‌తో నాలుగు, అసలుదానితో మూడున్నర. నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందులతో కూడా దాదాపు నాలుగే. అంటే ఆరు రోజులు సున్నా కావు, నొప్పి లేకుండా రెండున్నర రోజులు కలిసొస్తాయి. తలనొప్పి లేని రెండున్నర రోజులు ఎంత విలువైనవో తలనొప్పి వచ్చేవాళ్ళకి చెప్పక్కర్లేదు. కానీ అందులో అసలు బిందువుల గొప్పతనం అరరోజు. మిగతాదంతా పక్కనున్నవి పట్టుకొచ్చినదే: గంటసేపు ఫోను లేకుండా పడుకోవడం, ఓ మనిషి మన బాధని ఓపిగ్గా వినడం, ఒంటి మీద చెయ్యి పడటం, తగ్గుతుందన్న ఆశ. దానికితోడు నొప్పి తారస్థాయిలో ఉన్నప్పుడే మనం వైద్యానికి పరిగెడతాం, ఆ తర్వాత ఏం చేసినా చెయ్యకపోయినా అది కొంత దిగుతుంది. నాకూ కొంత తగ్గింది. ఇందులో ఏది ఎంత తగ్గించిందో నా ఒంటి మీద విడదీసి చెప్పడం నా తరం కాదు.

ఇంతకీ ఈ లెక్కల్తో రోగికి ఏం పని? నా మటుకు నాకు చాలా పనే ఉంది. అసలు బిందువుకీ ఉత్తుత్తి బిందువుకీ తేడా ఇంత సన్నగా ఉన్నప్పుడు, వైద్యుణ్ణి ఎంచుకోవడానికి ఆయనకి బిందువుల శాస్త్రం ఎంత లోతుగా తెలుసన్నది కొలబద్ద కాదు. "ఆయన నాడి పట్టుకుని మొత్తం చెప్పేస్తారు", "ఈమె బిందువు పట్టుకుంటే తిరుగులేదు" అని పొరుగూరి దాకా వెళ్ళక్కర్లేదు. ఒకే రోగిని వేర్వేరు ఆక్యుపంక్చర్ నిపుణులకి చూపిస్తే తలా ఒక నిర్ధారణ, తలా కొన్ని బిందువులు చెప్పిన సందర్భాలు పరిశోధనల్లోనే ఉన్నాయి. కాబట్టి శుభ్రత చూడండి, నిజాయితీ చూడండి, తన హద్దు తెలిసిన మనిషా కాదా చూడండి. ఈ మూడూ ఉన్న మనిషి దగ్గర్లో దొరికితే చాలు.

గోడ మీద వేలాడే కాగితాల గురించి కూడా ఓ మాట. చాలాచోట్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో జబ్బుల జాబితా ఒకటి ఫ్రేము కట్టి ఉంటుంది. అది పూర్తిగా అబద్ధమేం కాదు. 2003లో ఆ సంస్థ ప్రచురించిన నివేదికలో ఆక్యుపంక్చర్ పనిచేస్తుందని రుజువైనవంటూ 28 జబ్బులు రాశారు. కానీ అందులో చూసినవి 1990ల చివరిదాకా వచ్చిన పరీక్షలు, నేను పైన చెప్పిన పెద్ద పరీక్షలన్నిటికీ ముందువి. చైనా నుంచి వచ్చినవీ వాటిలో చాలా ఉన్నాయి. చైనాలో జరిగిన ఆక్యుపంక్చర్ పరీక్షల్ని 1998లో కొందరు పరిశోధకులు పోగేసి చూస్తే, ఒక్కటంటే ఒక్కటి కూడా విఫలమైనట్టు కనబడలేదు. ఏ వైద్యానికైనా అన్నిసార్లూ నూటికి నూరు మార్కులొస్తే మార్కులు వేసినవాళ్ళని అనుమానించాలి.

ఇంకో కథ కూడా మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు: అమెరికా విలేకరికి చైనాలో మత్తు లేకుండా, సూదులతోనే ఆపరేషన్ చేశారని. ఆయన పేరు జేమ్స్ రెస్టన్, 1971 జులైలో బీజింగ్‌లో అపెండిక్స్ తీయించుకున్నాడు. కానీ ఆపరేషన్‌కి మామూలు మత్తు ఇంజెక్షనే ఇచ్చారు. ఆ తర్వాత కడుపు ఉబ్బరించి ఇబ్బందిపడుతుంటే మోచేతి దగ్గరా మోకాళ్ళ కిందా సూదులు పెట్టారు, హాయిగా అనిపించిందని తన పత్రికలో ఆయనే రాసుకున్నాడు. ఆయన ఉన్నదున్నట్టే రాశాడు. కథని పెంచింది చదివినవాళ్ళు.

ఇక సూది దగ్గరికొద్దాం. కొత్తవాళ్ళకి భయమంతా ఇక్కడే కదా. ఆక్యుపంక్చర్ సూది మందం సుమారు పావు మిల్లీమీటరు. కండకి వేసే ఇంజెక్షన్ సూదిలో సగం కూడా ఉండదు, లోపల బోలుగా కూడా ఉండదు. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో ఉన్న సూదిని చర్మం మీద ఆనించి, పైన వేలితో టక్కున తడతారు. ఆ తట్టడమే తెలుస్తుంది, గుచ్చుకోవడం చాలాసార్లు తెలియదు. ఆ తర్వాత గొట్టం తీసేసి సూదిని లోపలికి నెమ్మదిగా తిప్పుతుంటే, ఒకచోట లోపలెక్కడో బరువుగా, లాగినట్టుగా, తిమ్మిరెక్కినట్టుగా ఓ నొప్పి పుడుతుంది. అది రావాలనే వాళ్ళు తిప్పుతారు. కరెంటు కొట్టినట్టు చురుక్కున జిల్లుమని పాకితే మాత్రం ఓర్చుకోవద్దు, సూది నరానికి తగిలిందేమో. వెంటనే చెప్పాలి. మొదటిసారి పడుకునే చేయించుకోండి. కూర్చున్నవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోవడం కొత్తేమీ కాదు.

సీలు వేసిన పొట్లం మీ కళ్ళ ముందు చింపాలి. ఒకసారి వాడిన సూది మళ్ళీ మీకే అయినా వాడకూడదు, నేరుగా సూదులు పడేసే గట్టి డబ్బాలోకి వెళ్ళాలి. "మీ సూదులు మీకే దాచిపెడతాం" అన్నచోట చెప్పులేసుకుని వచ్చేయండి. సరిగ్గా శుద్ధి చెయ్యని సూదుల వల్ల కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి వ్యాపించిన చరిత్ర ఈ వైద్యానికి ఉంది.

పెట్టినన్ని సూదులు తీశారా లేదా లెక్క అడగండి. మా పిన్నికి మోకాళ్ళతో పాటు నడినెత్తి మీద కూడా పెట్టేవారు. ఓ రోజు రాత్రి జడ విప్పి దువ్వుతుంటే దువ్వెనకి ఏదో టిక్కుమని తగిలింది. చూస్తే సూది, జుట్టులో నిటారుగా! పొద్దుటి నుంచీ దాంతోనే వంట చేసి, మధ్యాహ్నం ఓ కునుకు కూడా తీసింది. మర్నాడు వాళ్ళకి చెబితే "పర్లేదాంటీ, ఇంకాస్త ఎక్కువ పనిచేసుంటుంది" అని నవ్వారట. నాకు నవ్వు రాలేదు. క్షమించండి అని ఒక్కమాట అనుంటే నేను కూడా నవ్వేదాన్నేమో. దక్షిణ కొరియా మాజీ అధ్యక్షుడు రో టే వూ ఊపిరితిత్తుల గొట్టంలోంచి 2011లో ఆరున్నర సెంటీమీటర్ల ఆక్యుపంక్చర్ సూదిని డాక్టర్లు బయటికి తీశారు. దేశాధినేతగా చేసినాయనకే తప్పలేదు.

అయితే ఇలాంటివి అరుదు, ఆ మాట కూడా చెప్పాలి. జర్మనీలోనే 2,29,230 మంది రోగుల్ని గమనించిన అధ్యయనం 2009లో వచ్చింది. ఏదో ఒక చిన్నాచితకా ఇబ్బంది వచ్చినవాళ్ళు 8.6 శాతం, అందులో ఎక్కువ భాగం కాస్త రక్తం రావడమో, కమిలిపోవడమో. ఊపిరితిత్తికి సూది తగిలి గాలి బయటికి చేరినవి రెండు కేసులు. అన్ని లక్షల్లో రెండే. కానీ ఆ రెంటిలో ఒకరు మనమైతే అన్న భయం ఉంటుంది కాబట్టి గుర్తులు తెలుసుకుని ఉండటం మంచిది. భుజం మీదా, రెక్క ఎముకలకీ వెన్నుకీ మధ్యా, ఛాతీ మీదా పెట్టే సూదుల దగ్గరే ఈ ప్రమాదం ఉంటుంది. అక్కడ సూదులు పెట్టించుకున్నాక ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టున్నా, ఆయాసం వచ్చినా (ఇవి అప్పుడే రావచ్చు, కొన్ని గంటలాగి కూడా రావచ్చు), సూదులు పెట్టినవాళ్ళకి ఫోను చేస్తూ కూర్చోకుండా తిన్నగా ఆస్పత్రికి వెళ్ళాలి. ఫలానా చోట సూదులు పెట్టించుకున్నానని అక్కడి డాక్టరుకి చెప్పాలి, చెప్పకపోతే వాళ్ళకి ఆ ఊహ రాదు.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్ళు, గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్ళు, కీమోథెరపీలో తెల్లకణాలు పడిపోయినవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళూ అంతే. పేస్‌మేకర్ ఉంటే సూదులకి కరెంటు తగిలించే రకం వద్దు.

ఇప్పుడు నా అసలు భయం దగ్గరికి వస్తాను. "నమ్మకమే అయితే ఏం, నొప్పి తగ్గింది కదా!" అని చాలామంది వాదిస్తారు. నొప్పి వరకూ ఆ వాదన నేను ఒప్పుకుంటాను. నొప్పి అంటేనే మనకి తెలిసేది, తెలియడం తగ్గితే తగ్గినట్టే. వికారం కూడా అంతే. కానీ అన్ని జబ్బులూ మనకి తెలిసే బాధలోనే ఉండవు. 2011లో అమెరికాలో ఉబ్బసం రోగుల మీద జరిగిన ఓ చిన్న పరీక్ష దీన్ని కళ్ళకు కట్టింది. ఒకే రోగులకి వేర్వేరు రోజుల్లో మందున్న ఇన్‌హేలర్, మందు లేని ఇన్‌హేలర్, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ ఇచ్చారు. కొన్ని రోజులు ఏమీ ఇవ్వలేదు. ఎంత తేలికైందని అడిగితే మందుతో 50 శాతం, మందు లేని ఇన్‌హేలర్‌తో 45, ఉత్తుత్తి సూదులతో 46, ఏమీ ఇవ్వనప్పుడు 21 అన్నారు. ఆ తర్వాత మిషన్‌లోకి ఊదించారు. అసలు మందుతో ఒక్క సెకనులో బయటికి ఊదగలిగిన గాలి 20 శాతం పెరిగింది. మిగతా మూడింటితో సుమారు 7 శాతమే. ఉత్తుత్తి సూదులకీ, ఊరికే కూర్చోబెట్టినదానికీ ఊపిరితిత్తుల్లో తేడా లేదు.

ఆ రోగుల్లో ఎవరూ అబద్ధమాడలేదు. వాళ్ళకి నిజంగానే హాయిగా ఉంది. ఊపిరితిత్తులు మాత్రం బిగుసుకునే ఉన్నాయి. ఉబ్బసం ముదిరినప్పుడు ఈ హాయిని నమ్ముకుని ఇన్‌హేలర్ పక్కన పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. షుగరైనా అంతే, బీపీ అయినా అంతే, లోపల పెరుగుతున్న గడ్డ అయినా అంతే.

అందుకే "ముందు ఇంగ్లీషు మందులన్నీ ఆపేసి రండి" అనే మనిషి దగ్గరికి వెళ్ళొద్దంటాను. ఇందులో నాకు ఇంకో ఆలోచన లేదు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు అది ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది. మూర్ఛ మందులు, చాన్నాళ్ళుగా వాడుతున్న స్టెరాయిడ్లు, రక్తం పలచబడే మందులు ఉన్నట్టుండి ఆపినా అంతే. ఏ మందు తగ్గించాలన్నా అది రాసిన డాక్టరే తగ్గించాలి. సూదులు ఆ మందులకి అడ్డు రావు కాబట్టి ఆపమనడానికి వైద్యపరమైన కారణమే లేదు.

రెండో ప్రమాదం ఆలస్యం. జబ్బేమిటో తేలకుండా సూదులకి వెళ్ళకూడదు. నడుంనొప్పితో పాటు మూత్రం మీద పట్టు పోయినా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, కాలు బలహీనపడుతున్నా అది గంటల్లో తేల్చాల్సిన వ్యవహారం. జ్వరంతో వచ్చే నడుంనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గుతూ రాత్రుళ్ళు నిద్ర లేపే నొప్పి, ఒకప్పుడు కేన్సర్ వచ్చి తగ్గినవాళ్ళకి కొత్తగా మొదలైన నొప్పి కూడా ముందు డాక్టరు చూడాలి. తలనొప్పి అయితే: ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చినది, జ్వరంతో మెడ బిగుసుకున్నది, మాట తడబడుతూ వచ్చినది, యాభై దాటాక కొత్తగా మొదలైనది. వీటితో ఏ బల్ల మీదా పడుకోవద్దు.

మూడోది ఆశ మీద వ్యాపారం. పిల్లల కోసం ఐవీఎఫ్ చేయించుకుంటున్న జంటలకి దాంతోపాటు సూదులు కూడా పెట్టించుకుంటే నిలుస్తుందని చెబుతుంటారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మంది స్త్రీల మీద చేసిన పరీక్ష 2018లో వచ్చింది. బిడ్డ పుట్టినవాళ్ళు అసలు సూదులతో 18.3 శాతం, ఉత్తుత్తి సూదులతో 17.8 శాతం. మనసు కుదుటపడుతుందని వెళ్తే వెళ్ళండి. నిలవడానికని అదనంగా ఖర్చు పెట్టొద్దు.

ఇక గడువు. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఇది: "ఎన్ని సిట్టింగులకి తేడా కనిపించాలి? కనిపించకపోతే ఎప్పుడు ఆపేద్దాం?" దీనికి అంకెలో జవాబు చెప్పగలిగినవాళ్ళే వైద్యులు. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ తలనొప్పికి అయిదు నుంచి ఎనిమిది వారాల్లో పది సిట్టింగుల దాకా చూడమంటుంది. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాలపు నడుంనొప్పికి 90 రోజుల్లో పన్నెండు సిట్టింగులకి డబ్బు కడుతోంది, గుణం కనిపిస్తేనే ఆ తర్వాతవి. (నడుంనొప్పికి వద్దని అదే నైస్ 2016లో అంది, సరే చూడొచ్చని అమెరికా వైద్యుల సంఘం 2017లో అంది. పెద్దల మధ్యే ఏకాభిప్రాయం లేదు, అందుకని మనం ఎవరి మాటా వేదంగా తీసుకోనక్కర్లేదు.) పిన్నిని తీసుకెళ్ళిన మొదటి చోట ఈ ప్రశ్న నేనే అడిగాను. "లెక్కలేసుకుంటే తగ్గదమ్మా, నమ్మకం ఉండాలి" అన్నారు. రెండోచోట ఆవిడ మాత్రం కాసేపు ఆలోచించి, "ఎనిమిదింటికి మెట్లెక్కడంలో ఏ తేడా లేకపోతే నేనే మానేయమంటాను" అంది. పిన్ని తల్లో సూది మరిచింది మొదటిచోటే. మేము రెండోచోటికి మారాం.

గుణం ఉందో లేదో గుర్తు మీద వదిలెయ్యకుండా రాసుకోండి. మొదలుపెట్టక ముందు రెండు వారాల నుంచే రాయాలి, లేకపోతే దేనితో పోలుస్తారు? నేను తలనొప్పి వచ్చిన రోజులూ వేసుకున్న మాత్రలూ రాశాను. పిన్ని ఎన్ని మెట్లు ఆగకుండా ఎక్కగలిగిందో రాసింది. "పెరిగి తగ్గుతుంది, లోపలి చెడంతా బయటికొస్తోంది" అనే మాట మీకూ వినబడుతుంది. ఒకటి రెండు రోజులు ఒళ్ళు నొప్పులు సహజమే. వారాల తరబడి పెరుగుతూ పోతుంటే అది జబ్బు పెరగడమే.

పిన్ని పుస్తకంలో సూదులు పెట్టిన రోజూ మర్నాడూ బాగుండేది, మూడోరోజుకి మెట్లు మళ్ళీ మొదటికొచ్చేవి. అరిగిన మోకాళ్ళకి సూదుల వల్ల కలిగే మేలు చాలా కొద్దిదని కోక్రేన్ సమీక్ష కూడా అంటుంది. గడువు నాటికి ఆ రెండోచోటి ఆవిడ పుస్తకం తిరగేసి, ఇంక తన దగ్గరికి రానక్కర్లేదనీ, తొడ కండరాలకి బలమిచ్చే వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళమనీ చెప్పింది. పిన్ని ఇప్పుడు అవి చేస్తోంది, రోజూ గొణుక్కుంటూనే. నేను మాత్రం తలనొప్పికి ఇంకో విడత వెళ్దామనుకుంటున్నాను, పుస్తకంలో అంకెలు బాగానే ఉన్నాయి కాబట్టి. రోజూ వేసుకునే మాత్ర మాత్రం మానలేదు.